తెర తిప్పే చెయ్యి

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే లిఫ్ట్ మెకానిక్ వెనకగదిలో దూరాడు. నాలుగింటికి అక్క వస్తుంది. ఆలోగా ఒక్క సంగతి తేలాలి: తెరకి మోటారు పెట్టాలా, చేత్తో తిప్పుకునేలా వదిలెయ్యాలా?

గది మధ్యలో నిలువెత్తు చెక్కపెట్టె. చిన్నప్పుడు వీధి చివరి షాపులో అక్కా తనూ నిలబడి ఆడిన వీడియో గేమ్ మిషను లాంటిదే. నాలుగు నెలల ఆదివారాలు దీనికే ధారపోశాడు. ఆ ఆటల్లో కొన్నిటికి తెర అడ్డంగా ఉండాలి, కొన్నిటికి నిలువుగా. షాపులో అయితే రెండు మిషన్లుండేవి. ఇంట్లో ఒక్కదానికే చోటు. అందుకని తెరని పావు చుట్టు తిరిగేలా ఇరుసు మీద బిగించాడు. కానీ బరువంతా ఒక వైపుకే లాగుతోంది. తిప్పాలంటే రెండు చేతులూ పెట్టి గట్టిగా నెట్టాలి.

అక్కకి పనిచేసేది ఒక్క చెయ్యే. ఏడాది కింద పక్షవాతం వచ్చింది. కాలూ మాటా కోలుకున్నాయి గానీ ఎడమచెయ్యి మొండికేసింది. ఇంటికి ఎవరొచ్చినా దాన్ని శాలువా కింద దాచేస్తుంది. ఆ షాపులో పెద్ద పెద్దవాళ్లని కూడా ఓడించి, ఏమీ ఎరగనట్టు జడ వెనక్కి వేసుకున్న మనిషి. మీట నొక్కగానే తెర దానంతటదే తిరిగితే ఆవిడ ఇబ్బంది పడక్కర్లేదు. అంతకన్నా ఏం కావాలి?

ఎలక్ట్రీషియన్ బావమరిది ఎక్కడో పీకేసిన గేటు మోటారు ఒకటి చంకన పెట్టుకుని దిగాడు. ఇనపగేటుని లాగింది, నీ తెర దీనికో లెక్కా అన్నాడు. గంటలో బిగించేశారు. మెకానిక్ మీట నొక్కాడు. తెర కదిలింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు.

తెర మాత్రం ఆగలేదు. పావు చుట్టు దాటింది, అర చుట్టు దాటింది, వెనకున్న వైర్లన్నిటినీ ఇరుసుకి చుట్టుకుని, ఏటవాలుగా బిగుసుకుపోయి మూలిగింది. బావమరిది పరుగెత్తి ప్లగ్గు పీకాడు.

"బావా, ఈ ఊళ్లో లిఫ్టులన్నిటికీ ఆగాల్సిన చోట ఆపే స్విచ్చి ఉందో లేదో చూసేది నువ్వే కదూ?"

మెకానిక్ నాలుక్కరుచుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే మొదట తడిమి చూసే స్విచ్చి అది. సొంత పెట్టెకి పెట్టడం మర్చిపోయాడు. ఎలా మర్చిపోయాడు? స్టూలు మీద కూలబడి ఆలోచించాడు. నాలుగు నెలలుగా మనసులో ఈ తెర తిరుగుతూనే ఉంది, ఆగిన తర్వాత ఏమవుతుందో ఒక్కసారీ ఊహించుకోలేదు. ఆగితే అక్క ఆడాలి. ఆడితే ఆ చెయ్యి బయటికి రావాలి.

అప్పుడే గుమ్మంలో అక్క గొంతు వినిపించింది. నాలుగు దాకా కాలు నిలవక మూడింటికే వచ్చేసిందట. వంకరగా వేలాడుతున్న తెరని చూసి పడీ పడీ నవ్వింది. ఈ మోటారు ఎందుకని అడిగింది. నీకు వీలుగా ఉంటుందనీ అని నసిగాడు.

"నాకా, నీకా?" అంది అక్క. "నా చెయ్యి చూడాలంటే నీకే భయంరా బుడ్డోడా. ఆస్పత్రిలో కూడా నా కుడి పక్కనే కూచునేవాడివి."

మెకానిక్ తల వంచుకుని మోటారు బోల్టులు విప్పసాగాడు. మూడోది ఊడుతుండగా చెయ్యి ఆగిపోయింది. లిఫ్టుని మోసేదంతా మోటారే అనుకుంటారు జనం. అవతలి వైపు వేలాడే ఎదురుబరువే సగం పని చేస్తుందని రోజూ ఎంతమందికి చెప్పలేదు తను!

మోటారు ఊడదీసి, ఇరుసుకి చుట్టుకున్న వైర్లు విప్పేసి, ఒక్క ఉదుటున లేచి నట్ల డబ్బా బోర్లించాడు. తెర వెనక తేలికవైపు ఇనపనట్లు ఒక్కొక్కటే బిగిస్తూ పోయాడు. బావమరిది అందిస్తున్నాడు, అక్క లెక్కపెడుతోంది. పదకొండుకి చాలలేదు. పదమూడుకి ఎక్కువైంది. పన్నెండుకి తెర ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. చిటికెనవేలితో తోసినా కదిలింది.

"ఏదీ, తిప్పు," అన్నాడు ఒగరుస్తూ.

అక్క కుడిచెయ్యి ఎత్తింది, దించేసింది. శాలువా కదిలింది. సగం ముడుచుకున్న ఎడమచేతి వేళ్లు బయటికొచ్చి తెర అంచుకి ఆనాయి. తెర కదిలింది. సగం దారిలో చెయ్యి అలిసి జారిపోయింది. సాయం పట్టబోయిన తన రెండు చేతుల్నీ తమ్ముడు జేబుల్లో కుక్కుకున్నాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

తెర వెనక్కి పడలేదు. ఆవిడ వదిలిన చోటే ఏటవాలుగా ఆగి ఉంది. అక్క ఊపిరి తీసుకుని, వేళ్లు మళ్లీ ఆనించి నెట్టింది. పావు చుట్టు పూర్తయి, తెరని కదలకుండా పట్టి ఉంచే గడియ టక్కున పడింది.

మరి మోటారో అన్నాడు బావమరిది. నీ గేటుకే పెట్టుకో అన్నాడు మెకానిక్. వైర్లు తగిలించి, ప్లగ్గు పెట్టి, మొదటి ఆట వేశాడు. తెర వెలిగింది. అక్క బొత్తాల వైపు చూడనైనా లేదు.

"ఉండరా," అంది, గడియ తీస్తూ. "ఇంకోసారి తిప్పనీ."