వాదిరాజ ట్రిప్పు పుస్తకం

మా తమ్ముడు వాదిరాజకు బుద్ధి లేదన్న సంగతి వాడు పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసీ వాడి కారుకు జామీను సంతకం పెట్టిన నన్నేమనాలో మీరే చెప్పండి.

పాత అంబాసిడరు అది. మంత్రాలయం యాత్రికులకు అద్దెకు తిప్పుతానని ఎనభై ఒకటిలో ఫైనాన్సు మీద కొన్నాడు. మూడేళ్ళలో సగం కంతులు కట్టాడు, సగం ఎగ్గొట్టాడు. కిందటి నెల ఫైనాన్సు మనిషి నేను పాఠాలు చెప్పే ఆదోని బడికే వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ ఎదుట నన్ను బాకీ అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో రెండు కంతులు తప్పితే నా జీతంలో పట్టిస్తానని చెప్పి మరీ పోయాడు.

ఇంత జరిగాక దొరగారికి వచ్చిన ఆలోచన ఏమిటంటే, కారు మార్చడం!

"ఎమ్మిగనూరులో గోవిందన్న ఉన్నాడు కదక్కా, కార్ల బేరగాడు. ఈ కారు తీసుకొని రెండేండ్ల కారు ఇస్తానన్నాడు. మిగిలిన ఎనిమిది వేల బాకీ కూడా ఆయప్పే కట్టేస్తాడంట. బాకీ పోయినట్టే!"

"యాడికీ పోలేదురా తిక్కోడా. ఆ ఎనిమిది వేలూ కొత్త కారెక్కి కూర్చుంటాయి."

"నువ్వొక్క సంతకం పెడితే చాలక్కా."

మళ్ళీ నా సంతకమే! ఇంకో నాలుగేళ్ళు నా జీతం మెడకు తాడు. పెట్టనని ఆ బేరగాడి మొహం మీదే చెప్పి, మావాణ్ణీ నాలుగు దులిపి రావాలని ఆదివారం ఎమ్మిగనూరు బయలుదేరాను. వాడి కారులోనే, ముందు సీట్లో కూర్చుని.

గోవిందన్న చేతికి నాలుగు ఉంగరాలు. అప్పుడే అనుకున్నాను, ఒక్కోటీ ఒక్కో వాదిరాజ చేయించి ఉంటాడని. "జామీను టీచరమ్మ" అని మావాడు నన్ను చూపించాడు. గోవిందన్న నాకు దణ్ణం పెట్టి, కారు చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని, లోపలికి వంగి మీటరు చూశాడు.

"ఏం స్వామీ, మూడేండ్లలో ఇంత తిరిగిందే! ఇంత తిరిగిన బండికి కంతులు ఎట్ల నిలిసిపాయె?"

వాదిరాజ బదులు చెప్పేలోగా నేనే అందుకున్నాను.

"అడుగు గోవిందన్నా, గట్టిగా అడుగు. సినిమాలకు తగలేశాడో, పేకాటకు పెట్టాడో!"

గోవిందన్న డాష్‌బోర్డు అరలోంచి ట్రిప్పు పుస్తకం తీశాడు. ప్రతి ట్రిప్పూ రాయమని వాడికి ఆ పుస్తకం కొనిచ్చింది నేనే. రాసుకోని మనిషి బాగుపడడని నా నమ్మకం. ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

"మంత్రాలయం, అక్క, దుడ్డు లేదు. ఉరుకుంద, అక్క, బడి టీచర్లు ఐదుగురు, దుడ్డు లేదు. ఆలూరు, అక్క ఆడబిడ్డ సీమంతం, దుడ్డు లేదు. కర్నూలు, అక్క ట్రైనింగు, రెండు దినాలు ఆడనే నిలిచినాము, దుడ్డు లేదు."

ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. తలెత్తి అడిగాడు.

"ఎవురప్పా ఈ అక్క? బండినంతా ఆయమ్మే మింగింది కదా!"

వాదిరాజ నోరు విప్పలేదు. విప్పి ఉంటే తిట్టడానికి నాకేదైనా దొరికేది. మూడేళ్ళలో ఒక్కసారీ డబ్బులడగలేదు వెధవ. ఎంతరా అని నేనూ ఒక్కసారీ అడగలేదు. మన కారే కదా అనుకున్నాను. చెంపలు మండిపోయాయి.

"నేనే," అన్నాను.

"అయ్యో, తప్పయిపాయె టీచరమ్మా!" అంటూ గోవిందన్న తడబడి కాగితాలు నా ముందుకు జరిపాడు. వెనక్కి తోసేశాను.

"బేరం లేదు. కారు మారదు. ఆ ఎనిమిది వేలూ నెలనెలా నేనే కడతాను."

వాదిరాజ ఏదో అనబోయాడు. "నోరు ముయ్యి" అని లేచాను.

ఈసారి వెనక తలుపు తీసి ఎక్కాను.

"ఆదోనికి ఎంత?"

"అదేందక్కా..."

"ఎంతరా అంటే చెప్పు!"

అద్దంలో నన్ను చూసి, భయం భయంగా అన్నాడు. "అరవై."

"అరవయ్యా! దోపిడీ దొంగా! బస్సుకైతే మూడు రూపాయలు!"

పర్సు తీసి అరవై రూపాయలూ లెక్కపెట్టి వాడి భుజం మీదుగా ఇచ్చాను.

"పుస్తకంలో రాయి," అన్నాను.