చదును చేసిన చోటు

చిన్నపిల్లల బడివాళ్ళు వారానికి నాలుగు రోజులు పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్తారు. అందరూ మూడు నాలుగేళ్ళవాళ్ళు, పన్నెండు మంది. ఎండుకొమ్మలు నెత్తిన పడకుండా చూడటం నా పని. నలభై ఏళ్ళు చెట్లు కొట్టినవాణ్ణి కదా అని పెట్టుకున్నారు. ఆ పన్నెండు మందిలో నా మనవరాలు ఒకతి. పిడుగు అంటాం.

టీచరమ్మది ఒకటే కట్టుబాటు. ఏ పిల్లనీ దేనిమీదికీ ఎక్కించకూడదు, దించకూడదు. ఎక్కగలిగితే ఎక్కుతారు, లేకపోతే కిందే ఉంటారు. నాకది మింగుడుపడేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి.

పోయిన వారం అడవిలో పిల్లలు ఎక్కి ఆడుకునే దుంగమీంచి జారి పిడుగు మోచెయ్యి గీరుకుంది. కోడలు ఆస్పత్రిలో నర్సు. ఎముకల వార్డు.

"పొద్దస్తమానం విరిగినవాళ్ళనే చూస్తున్నాను మావయ్యా. ఇంకొక్క దెబ్బ తగిలిందా, దీన్ని నాలుగ్గోడల బడిలో వేసేస్తాను. అయినా మీరక్కడుండి ఏం చేస్తున్నట్టు?"

ఇంట్లో ఒకచోట నిలవని పిల్ల, అడవిలో చీమలబారు ముందు అరగంట కూర్చునేది. నాలుగ్గోడల మధ్య ఆ నిలకడ పోతుందేమోనని నా దిగులు.

సోమవారం తెల్లవారుతుండగానే కత్తి, గునపం పట్టుకుని పిల్లలు ఆడుకునే చోటికి వెళ్ళాను. ముళ్ళకంప కొట్టేశాను. పైకి తేలిన వేళ్ళు నరికాను. గుంటలు పూడ్చాను. దుంగను గునపంతో మెల్లగా దొర్లించుకుంటూ పోయి వాగు గట్టున వదిలాను. ఎండెక్కేసరికి ఆ చోటు అరచెయ్యిలా ఉంది.

పిల్లలు వచ్చి నిలబడిపోయారు.

"దుంగేదీ?" అన్నాడొకడు.

"నడిచెళ్ళిపోయింది" అన్నాడింకొకడు.

"దానికి కాళ్ళేవీ! దొర్లుకుంటూ పోయుంటుంది" అంది పిడుగు.

అందరిలోకీ తెలివైనది నా మనవరాలేనని సంతోషపడే వీలు లేకపోయింది నాకు.

అంతదాకా వాళ్ళు అడుగు చూసి అడుగు వేసేవారు. వేరెక్కడ, గుంటెక్కడ అని కళ్ళు వెతుకుతుండేవి. ఇప్పుడు కింద చూడవలసిందేమీ లేదు. తలలెత్తి, వెనకా ముందూ చూడకుండా పరుగులు తీశారు. పిడుగూ, దుంగ ఏదని అడిగిన పిల్లాడూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నారు. వాడికి నుదుట బొప్పి. దీనికి పైపెదవి చిట్లి నెత్తురు.

టీచరమ్మ గుడ్డ తడిపి అదిమింది. అప్పుడు నేలవైపు చూసింది. నరికిన వేళ్ళ మొనలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"బాబాయిగారూ, ఇది మీ పనేనా?"

"నాదే."

"ఎందుకండీ?"

"దెబ్బలు తగలకూడదని."

ఆవిడ తిట్టలేదు. "సాయంత్రం వాళ్ళమ్మకి నేను చెబుతాలెండి" అంది.

"వద్దమ్మా. నేనే చెప్తాను."

కోడలు డ్యూటీ బట్టల్లోనే బడి గేటు దగ్గరికి వచ్చింది. పిల్ల గడ్డం పైకెత్తి, పెదవి తెరిచి, ఒక్కొక్క పన్నూ వేలితో నొక్కి చూసింది. ఏదీ కదల్లేదు. అప్పుడు నావైపు తిరిగింది.

"చెప్పాను కదా మావయ్యా. అయిపోయింది. రేపట్నుంచి..."

"చదును నేలమీద తగిలిందమ్మా ఈ దెబ్బ."

"అంటే?"

అంత పొడుగు మాట నేను ఇంట్లో ఎప్పుడూ మాట్లాడి ఎరగను. కంప కొట్టిన దగ్గర్నుంచి దుంగ దొర్లించిన దాకా అంతా చెప్పాను. "నువ్వు మాన్పిస్తావని భయపడి చేశాను. తప్పు అడవిది కాదు, టీచరమ్మదీ కాదు."

"మరి ఇన్నాళ్ళూ ఆ ముళ్ళలో తిరిగితేనో?"

"గీతలు పడ్డాయి. పళ్ళదాకా ఎప్పుడూ రాలేదు."

కోడలు మళ్ళీ పిల్ల పెదవి చూసింది.

"ఆ దుంగ ఎంతుంటుంది?"

మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"ఒక్కరే దొర్లించారా? ఆ నడుంతోనా? ఏం మనిషండీ మీరు! పిల్లని కాసుకోవాలా, మిమ్మల్ని కాసుకోవాలా నేను?"

నేను నడుం నిటారు చేసి నిలబడ్డాను.

"రేపు నాకు మధ్యాహ్నం డ్యూటీ" అంది కోడలు. "పొద్దున నేనూ వస్తాను. ఇద్దరం కలిసి దాన్ని వెనక్కి తెద్దాం. ఇది ఎలా ఎక్కుతుందో నా కళ్ళతో చూస్తాను. ఆ తర్వాతే ఏ మాటైనా."

పిడుగు వాళ్ళమ్మ కాళ్ళవైపు చూసింది.

"ఈ చెప్పులతో రాకమ్మా, పడతావు" అంది వాచిన పెదవితో.