తప్పు రంగు గడి

మళ్లీ అదే మాట, నెట్‌వర్క్ దారి దొరకడం లేదట, లోపలి గదిలోని నా కంప్యూటర్ నుంచి ముందు గదిలోని తమ్ముడి కంప్యూటర్‌కు పట్టుమని పది అడుగులు లేవు, దానికి దారి దొరకదా, పొద్దున్నుంచి నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశాను, రౌటర్ తీగ పీకి పెట్టాను, జంపఖానా నేతకు నేను గీసిన గళ్ల నక్షలన్నీ వాడి దాంట్లోని ఫోల్డర్‌లోనే ఉన్నాయి, పెద్ద ప్రింటర్ అక్కడ ఉంది కాబట్టి అక్కడే దాచుకున్నాను, రేపు పొద్దున పదింటికి నేతగాళ్ల సంఘంలో ప్రదర్శనకు నక్షలు ఎంచుతారు, ఎంచిన నక్ష కింద గీసినవాళ్ల పేరు వేస్తారట, ఇరవై రెండేళ్లుగా గీస్తున్నాను, ఇన్నాళ్లకు శకుంతల అని నా పేరు అచ్చులో పడుతుందనుకుంటే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఇదొకటి, నేనే ఏదో చెడగొట్టి ఉంటాను, కంటి ఆపరేషన్ తర్వాత చేయి అటూ ఇటూ పడుతోంది, తమ్ముడు ఓంప్రకాశ్ కూడా అదే అన్నాడు, తొర్రూరు పోతూ, గడపలో చెప్పులేసుకుంటూ, నువ్వే ఏదో ఒత్తినట్టున్నవ్ అక్కా, ఫైర్‌వాల్ కరాబైంది, రేపు పొద్దుగూకినంక వచ్చి చూస్త, అప్పటిదాంక నా కంప్యూటర్ ముట్టకు జర, ఇంకింత కరాబైతది, రేపు పొద్దునకే కావాలి కదరా అంటే, ఫికర్ చెయ్యకు, సంఘంల నేను మాట్లాడిన అన్నాడు, ఏం మాట్లాడావని అడగలేదు, సిగ్గేసింది, హనుమకొండ పోయి కంప్యూటర్ నేర్చుకున్నది నేను, వాడికి నేర్పింది నేను, ఇప్పుడు వాడితో ఆ మాట అనిపించుకోవడం.

ముట్టకు అన్నాడు గానీ ముట్టాను, వాడి కుర్చీలోనే కూర్చున్నాను, ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను, ఇంటి నెట్‌వర్క్‌ను ఇంటిదనే గుర్తించి ఉంది, ఫైళ్లు పంచుకునే చోట ఫైర్‌వాల్‌లో టిక్కు ఉంది, మరింకేమిటి, వంటింట్లో కుక్కర్ మూడో కూత, లేచి ఆపి వచ్చాను, పప్పు మెత్తబడి ఉంటుంది, ఉండనీ, లోపలికి ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో రాసుండే జాబితా తెరిచాను, వరుసగా పచ్చ గుర్తులు, కిందికి జరుపుతుంటే పచ్చ, పచ్చ, పచ్చ, ఒక ఎర్ర గుర్తు, దాని పేరు అక్క. ఇంగ్లిషు అక్షరాల్లో అక్క. తెరిస్తే లోపల నా కంప్యూటర్ నంబరు, చివర పన్నెండు, అది నాదే, ఎదురుగా నిషేధం, ఎన్ని పచ్చ గుర్తులున్నా ఒక్క ఎర్ర గుర్తుంటే అదే గెలుస్తుందిరా అని వాడికి చెప్పింది నేనే, శ్రద్ధగా విన్నాడు, బుద్ధిమంతుడు.

కరాబైన ఫైర్‌వాల్ దానంతటది అక్క అని పేరు పెట్టుకోదు, ఫోల్డర్ తెరిచాను, నా ఏడు నక్షలూ ఉన్నాయి, ఒక్కోదాని కింద ఓంప్రకాశ్ అని ఉంది, మార్చిన తేదీ పోయిన నెల పద్నాలుగు, పద్నాలుగంటే నా కంటి ఆపరేషన్, దవాఖానలో కంటికి పట్టీతో పడుకుని ఉన్నాను, వాడే జావ తాగించాడు, అక్కా నువ్వు పండుకో, నేను ఇంటికి పోయి దుప్పటి తెస్త అన్నాడు, కాశిబుగ్గలో మా ఇంటికి పోయి దుప్పటి తేవడానికి మూడు గంటలు, ట్రాఫిక్ అన్నాడు, నమ్మాను, ఆ దుప్పటి కప్పుకుని తమ్ముడుంటే ఇట్లుండాలి అని పక్క మంచం సమ్మమ్మతో చెప్పుకున్నాను కూడా, ఛీ.

నా గడి ఏది, బాపు, మా నాన్న, చెప్పేవాడు, నక్షను నిండుగ ఇడిశిపెట్టొద్దు బిడ్డా, దిష్టి తగుల్తది, ఒక్క గడిల తప్పు రంగు పెట్టాలె, ఎవరి గడి వాళ్లది, బాపుది ఎడమవైపు కింది మూల, నాది కుడి అంచు నుంచి మూడో వరుస, ఏడు నక్షల్లోనూ నా గడి సరైన రంగులోకి మారిపోయింది, తప్పు రంగు ఎడమ మూలకు పోయింది, బాపు గడిలోకి, అక్క నక్షలు చాలలేదు, చచ్చిపోయిన బాపు చేయి కూడా కావాల్సి వచ్చింది వీడికి, ఒక్కనాడైనా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఉంటే తెలిసేది, పోయినవాళ్ల గడి ఇంకెవరూ వాడరని, వీడు అచ్చు తీసి సంఘంలో ఇచ్చే ఉంటాడు, ఇవ్వనీ, అక్కడ ఎంచేది రాజమల్లు మామ, ముప్పై ఏళ్లు బాపు నక్షలు నేసినవాడు, కాగితం పట్టుకోగానే చూపు ఆ మూలకే పోతుంది, ఇది మీ బాపు గడి కదరా, పోయినోడొచ్చి గీశిండా అంటాడు, అప్పుడేం చెబుతావురా.

ఫోను మోగింది, వాడే, అక్కా తిన్నవా, తిన్నానో లేదో వినకుండానే, నా కంప్యూటర్ ముట్టలేదు కదా, గొంతులో ప్రేమ అట్లాగే ఉంది, అదే భరించలేకపోయాను, అడిగితే ఇచ్చేదాన్ని కదరా, రెండు నీ పేరున పెట్టుకో పో అనేదాన్ని, పొద్దున్నుంచి నా చేతిని నేనే తిట్టుకుంటుంటే ఎదురుగా నిలబడి చూశావు, చూసి చెప్పులేసుకుని పోయావు, అది ఎట్లా చేశావురా, ఇవేవీ అనలేదు, ఫైర్‌వాల్ మంచిగనే ఉన్నది తమ్మీ, దాంట్ల నువ్వు రాసిన నా పేరు గూడ అట్లనే ఉన్నది అన్నాను, అటు నుంచి బస్టాండు చప్పుడు వినిపించింది, హనుమకొండ బస్సు గురించి ఎవరో అరుస్తున్నారు, ఏం పేరక్కా అని వాడు అడగలేదు, నేనే పెట్టేశాను, ఎర్ర గుర్తు తీసేశాను, నక్ష తెరిచి, పొద్దున్నుంచి తడబడుతోందని నేను నమ్మిన చేత్తో మౌసు పట్టుకున్నాను, కుడి అంచు నుంచి మూడో వరుస, బాణం సూటిగా పోయి నా గడి మీద ఆగింది, ఎక్కడా తడబడలేదు, అంటే నేనేమీ ఒత్తలేదు, నేనేమీ చెడగొట్టలేదు.