దాలయ్య బొండాం తాగిన వారం

డయాలసిస్ మిషను మీదికి పంపే ముందు మనిషిని తూకం వేస్తారు. రెండు రోజుల్లో ఒంట్లో ఎంత నీరు చేరిందో ఆ తూకమే చెప్పేస్తుంది. జగన్నాధం ఎప్పుడూ కిలోన్నర దాటడు. ఇంటి దగ్గర చిన్న స్టీలు గ్లాసొకటి పెట్టుకుని, రోజుకి నాలుగు గ్లాసులు మించి గొంతు దిగనివ్వడు. ఉద్దానంలో పుట్టి, యాభై కొబ్బరిచెట్లు సొంతానికి ఉండి, రెండేళ్ళుగా బొండాం నీళ్ళ రుచి ఎరగడు. కిడ్నీలు పోయినవాడికి కొబ్బరినీళ్ళు విషమనీ, గుండె ఉన్నపళంగా ఆగిపోవచ్చనీ డాక్టరు మొదటి రోజే చెప్పాడు.

పక్క మంచం దాలయ్యది. ఇద్దరిదీ ఒకటే ఊరు. ఒకప్పుడు దాలయ్య జగన్నాధం తోటలోనే కాయలు దింపేవాడు. అప్పట్లో కళ్ళం గట్టు దాటి లోపలికి వచ్చేవాడు కాదు, అక్కడే నిలబడి కేకేసేవాడు. ఆసుపత్రిలో మంచాలన్నీ ఒకే ఎత్తు. మంగళ, గురు, శనివారాలు ఒకే ఆటోలో వెళ్ళి, నాలుగేసి గంటలు పక్కపక్కన పడుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. కిడ్నీలు ఇద్దరికీ ఒకలాగే పోయాయి. దేవుళ్ళు మాత్రం వేరు. దాలయ్య పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకున్నాడు.

జగన్నాధం ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. చూస్తాడు. సూదులు గుచ్చేటప్పుడు తను గోడవైపు తిరిగిపోతాడు. అవేమీ మామూలు సూదులు కావు, దబ్బనాల్లా ఉంటాయి. దాలయ్య మాత్రం సూదినే చూస్తూ సన్నగా పాట తీస్తాడు. ఒకసారి నరం దొరక్క మూడుసార్లు సూది తప్పింది. చెయ్యి ఆనపకాయలా వాచింది. పాట ఆగలేదు, కాస్త వణికింది అంతే. ఆ పాట ఎక్కడో ఒకచోట ఆగకపోతుందా, చూద్దామని జగన్నాధానికి లోపల ఉండేది. పక్కవాడి పొలంలో ఎరువు వెయ్యకుండా పైరు పచ్చగా ఉంటే రైతుకి నిద్ర పట్టనట్టు, ఇదీ అలాంటిదే.

ఒకరోజు అడిగేశాడు.

"ఒరే దాలయ్యా, నీ దేవుడు నీ కిడ్నీలు రెండూ తీసీసినాడు. మరింకా ఆ పాట ఎందుకురా?"

"మీ దేవుడు మీయీ తీసీసినాడు కదా బాబూ. మీరు పాడకుండా ఏటి సాధించినారు?"

సూదులు పెట్టే సిస్టరు దీపిక నవ్వాపుకోలేక ట్రే పక్కన పెట్టింది.

ఆ వారం దాలయ్య వాళ్ళ చర్చిలో మూడు రోజుల స్వస్థత కూటం. ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. మంగళవారం ఆటోలో దాలయ్య ఆ సంగతి చెప్పాడు. బుధవారం ఆఖరి రోజట, రోగులందరి మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారట.

గురువారం ఆటో దాలయ్య ఇంటి ముందు ఆగితే, అతని భార్య అమ్మడు ఒక్కతే బయటికొచ్చింది.

"ఆయన రారు బాబూ."

"ఏం? ఒంట్లో బాగులేదా?"

"బాగున్నాదని రానంతన్నారు."

ఆ మాట మీద అమ్మడుకే నమ్మకం ఉన్నట్టు లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆ రోజు పక్క మంచం ఖాళీగా ఉంది. నాలుగు గంటలూ జగన్నాధం మిషను చప్పుడే విన్నాడు. నిజంగానే తగ్గిపోయిందా? తగ్గితే ఎలా తగ్గుతుంది? ఎండిపోయిన చెట్టు చిగురిస్తుందా? చిగురించిన చెట్లు లేకపోలేదు. తుఫానుకి మొదలు విరిగిన జీడిమామిడి పక్కనుంచి కొమ్మ వేసుకుని కాయడం అతను కళ్ళారా చూశాడు. కానీ కిడ్నీ జీడిచెట్టు కాదు కదా.

శుక్రవారం పొద్దున్నే కాళ్ళు అటే నడిచాయి. ఇన్నేళ్ళలో దాలయ్య ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదలు. దాలయ్య మంచం అంచున ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. కాళ్ళు పనసకాయల్లా ఉన్నాయి. ఛాతీలో అన్నం ఉడుకుతున్న చప్పుడు.

"ఏటి సేసినావురా?"

దాలయ్య మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడు. "నెత్తి మీద సెయ్యెట్టి ప్రార్థన సేసినారు బాబూ. ఒళ్ళంతా ఏడెక్కినట్టయినాది. తగ్గిపోనాదనుకున్నాను. బయటికొస్తే బండి మీద బొండాలున్నాయి. నిజంగా నమ్మినోడైతే తాగాల గదా అనుకున్నాను."

"ఎవులైనా తాగమన్నారేటి?"

"ఎవులూ అన్లేదు. నాకే తోసినాది."

జగన్నాధానికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు నోట్లోంచి వేరే మాట జారింది.

"ఎలగున్నాది?"

"ఏటి?"

"బొండాం."

అంత ఆయాసంలోనూ దాలయ్య మూతి నవ్వుతో పక్కకి లాగింది. "తియ్యగున్నాది బాబూ. రెండోది కూడా తాగీసినాను."

జగన్నాధం గుటక మింగాడు. దాలయ్య రెక్క పట్టుకుని, "లే, ఆసుపత్రికి పోదాం," అన్నాడు.

"ఇప్పుడెల్లి మిషనెక్కితే నాకు నమ్మకం లేదనే కదా. ఆదివారం సాక్ష్యానికి నా పేరు రాసుకున్నారు. తగ్గినోలంతా లేసి సెప్పాల. నాను లేసి ఏటి సెప్పీది?"

"ముందు ఆదివారం దాకా బతికుండు. సచ్చినోడెవుడూ సాక్ష్యం సెప్పడు."

దాలయ్య కదల్లేదు. అమ్మడు అప్పటికే సంచిలో దుప్పటీ తువ్వాలూ కుక్కేసింది. "దేవుడు ముట్టుకున్నాడో లేదో మిషను కాడ పడుకుని అడుగుదువు గాని, పద," అని చంక కింద చెయ్యి వేసి లేపింది. రెండో చంక కింద జగన్నాధం చెయ్యి వేశాడు.

తూకంలో నాలుగున్నర కిలోలు ఎక్కువ చూపించింది. దీపిక దాలయ్యని మింగేసేలా చూసి డాక్టరుకి కబురు పెట్టింది. డాక్టరు పరుగున వచ్చి గుండెకి వైర్లు తగిలించాడు. ఇంకో పూట ఆగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదన్నాడు. రెండు గంటలు గడిచాక ఛాతీలో ఉడుకు తగ్గింది. దాలయ్య వెల్లకిలా పడుకోగలిగాడు.

పాట రాలేదు.

జగన్నాధం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా ఎక్కడ ఆగుతుందా అని కాచుకున్న పాట ఆగింది. తను గెలిచినట్టే లెక్క. కానీ పొలంలో బోరు ఎండిపోయిన రోజులా ఉంది అతనికి.

"నాకు నమ్మకం లేదు బాబూ," అన్నాడు దాలయ్య, పైకప్పు చూస్తూ. "ఉంటే తగ్గీది. పక్క ఊరి పిల్లకి జొరం తగ్గినాది. ఇంకోడికి సెవులు ఇనిపించినాయి. నాకు లేదు కాబట్టే తగ్గలేదు. ఇన్నాళ్ళూ ఉత్తి నోటితో పాడినాను."

జగన్నాధం ట్యూబులో తిరుగుతున్న నెత్తురు చూశాడు. తర్వాత తన జీవితంలో ఒక్క గుక్కలో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు.

"మీ నమ్మకాల సంగతి నాకు తెలీదురా. నాను సూసింది సెప్తాను. సూది మూడుసార్లు తప్పినప్పుడు పాడినావు. ఆ మూల మంచం ముసిలాయన పోయిన రోజు ఆల్ల కోడలు గోడకి తల కొట్టుకుంటే, సేతిలో సూదులుండగానే ఆయమ్మని పిలిసి నీ మంచం మీద కూకోబెట్టినావు. ఏటో ప్రార్థన సేసినావు, ఆయమ్మ ఏడుపు దిగినాది. అప్పటికి నీకేటైనా తగ్గినాదా? తగ్గలేదు. తగ్గకుండానే ఏడాది పాడినావు. అది నమ్మకం కాకపోతే మరేటి? తెలీకే అడుగుతన్నాను."

దాలయ్య కంటి కొసలోంచి నీటిబొట్టు చెవిలోకి జారింది.

"ఆ పాట నాను పాడింది కాదు బాబూ," అన్నాడు చివరికి. "అదే వొచ్చీది."

"ఇప్పుడు రాలేదా?"

"రాలేదు."

"వస్తాదేమో సూద్దాం," అన్నాడు జగన్నాధం, మబ్బు గురించి చెప్పినట్టు.

ఆదివారం జగన్నాధం ఉతికిన చొక్కా వేసుకుంటుంటే భార్య లక్ష్మీనరసమ్మ పట్టేసింది.

"చర్చికా? ఏటి, ఆల్లలో కలిసిపోతావేటి?"

"కలవను. సూసొస్తాను."

"సినిమాయేటి సూసి రావడానికి?"

అతను గుండీలు పెట్టుకుని బయల్దేరాడు. దాలయ్య ఏం చెబుతాడోనన్న గుబులు భార్యకి ఎలా చెప్పాలో తెలియలేదు. తగ్గిందని చెప్తే మళ్ళీ మిషను దగ్గరికి రాలేడు, పది రోజుల్లో పోతాడు. తగ్గలేదని చెప్తే అందరి ముందూ విశ్వాసం లేనివాడవుతాడు. ఆ చర్చి తప్ప అతనికి వేరే బలం లేదు.

చర్చి అంటే రేకుల షెడ్డు. జగన్నాధం వెనకాల చాప చివర కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. జ్వరం తగ్గిందన్నారు, నడుం పట్టు వదిలిందన్నారు. ప్రతిదానికీ జనం స్తోత్రం అన్నారు, కంజీర మోగింది. పాస్టరు యుగంధర్, కుర్రతనం ఇంకా పోని మనిషి, కాగితం చూసి దాలయ్య పేరు పిలిచాడు.

దాలయ్య ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని లేచాడు. అమ్మడు తల వంచేసుకుంది.

"నాకు తగ్గలేదు," అన్నాడు.

పాస్టరు తలెత్తాడు.

"తగ్గినాదనుకుని రెండు బొండాలు తాగినాను. సచ్చిపోబోయినాను. దేవుడు సెప్పలేదు, అయ్యగారూ సెప్పలేదు. దేవుడికి నానే పరీచ్చ ఎట్టినాను. రెండు రోజులు ఆయన్తో మాటాడలేదు. నమ్మకం పోనాదనుకున్నాను. ఎతికితే ఉన్నాది. నాను దాసుకున్నది కాదు, ఎవులు దాసినారో ఉన్నాది. ఎల్లుండి మల్లీ మిషనెక్కుతాను. తగ్గినా ఆయనే నా దేవుడు, తగ్గకపోయినా ఆయనే. అంతే."

కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. కంజీర పట్టుకున్నవాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి తాయారు అనే ముసలమ్మ రెండు చేతులూ నేల మీద ఆన్చి, ముక్కుతూ లేచింది.

"అయ్యగారూ, పోయినేడు మోకాళ్ళు తగ్గినాయని నాను ఇక్కడే సెప్పినాను. తగ్గలేదు. అందరూ సెప్తంటే సెప్పీసినాను. మీరంతా స్తోత్రం అనీసినారు. ఒకపాలి అనీసినాక ఎనక్కి ఎలగ తీసుకుంటాను?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత షెడ్డంతా నవ్వింది. పాస్టరు కూడా నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "మరి ఏడాదిగా ఏం చెప్పకుండా ఎలా వస్తున్నావమ్మా?" అని అడిగాడు.

"నొప్పితోనే వస్తన్నాను."

పాస్టరు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తగ్గనివాళ్ళు కూడా చెప్పండి," అన్నాడు. "అలాంటివాళ్ళు మనలో ఎవరెవరో ఇన్నాళ్ళూ నేను అడగలేదు." చేతులు లేచాయి. జగన్నాధం లెక్కపెడదామనుకుని ఆపేశాడు. చాలా ఉన్నాయి.

కూటం ముగిశాక వేపచెట్టు నీడన ఆటో కోసం నిలబడ్డారు. అమ్మడు చుట్టూ ఆడవాళ్ళు చేరారు.

"ఏటి సెప్పాలో ముందే అనుకున్నావేటి?" అని అడిగాడు జగన్నాధం.

"అనుకున్నాను బాబూ."

"ఇదేనా?"

దాలయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాదు. తగ్గిపోనాదనే సెబుదామనుకున్నాను. అందరూ సూస్తన్నారు, సిగ్గేసినాది. అదే సెప్పడానికి లేసినాను. నోరు తెరిస్తే ఇది వొచ్చినాది."

జగన్నాధం అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. అబద్ధం ఆడుతున్న మొహం కాదది.

"మరి నోట్లో మాట మార్సినోడు ఎవులు?"

"నన్నడుగుతారేటి?" అన్నాడు దాలయ్య. "సూడ్డానికొచ్చింది మీరు. మీరే సెప్పాల."

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నా జగన్నాధం వెంటనే ఎక్కలేదు. ఆలోచిస్తూ నిలబడ్డాడు. ఆ పాట తను పాడింది కాదనీ, అదే వచ్చేదనీ ఆసుపత్రిలో దాలయ్య అన్న మాట గుర్తొచ్చింది.