బోర్డు మీద కింది వరుస

"మధ్యలో డబ్బు అవసరం పడితే ఎలాగండీ?" అన్నాను, మా ఆయన తొవాన్ సంతకం పెట్టకముందే. ఆయన బ్యాంకు కౌంటరులో అమ్మాయి వైపు తిరిగి, "మా ఆవిడ మబ్బు పట్టకముందే తడిబట్టలు మార్చుకునే రకంలే," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

మా కాన్తో ఊళ్లో బజారు వెడల్పు చేసినప్పుడు పోయిన నా నూడుల్స్ కొట్టుకి వచ్చిన పరిహారం ఆ డబ్బు. పన్నెండేళ్లు ఎముకల పులుసు మరిగించింది నేను. డిపాజిట్ పుస్తకం ఆయన పేరున. బ్యాంకు బోర్డు మీద వడ్డీ రెండేళ్లకి ఆరు శాతం, మూడు నెలలకి మూడున్నర అని ఉంది. అన్నిటికీ కింద, గడువు లేనిదానికి సున్నా పాయింట్ రెండు. గడువుకి ఒక్క రోజు ముందు తీసినా మొత్తానికీ ఆ కింది వరుసే కడతారు. అందుకే బజారు ఆడవాళ్లం ఉన్నదాన్ని నాలుగు పుస్తకాలుగా వేస్తాం, అవసరానికి ఒకటి గడువుకి ముందే విరిచినా మూడు బతుకుతాయని. ఆ మాటే చెప్పాను. "ముక్కలు కొయ్యడానికి ఇదేం చేపటే? ఐదో తరగతి దానివి, ఆరు పెద్దదో మూడు పెద్దదో నేను చూసుకుంటాలే," అని మొత్తం ఒకే పుస్తకంగా రెండేళ్లకి వేశాడు.

పందొమ్మిదో నెలలో మా అమ్మాయి దియెప్‌కి నర్సింగు సీటు వచ్చింది. పది రోజుల్లో ఫీజు కట్టాలి. ఆయన్ని అడిగితే, ఇప్పుడు విరిస్తే వడ్డీ అంతా పోతుందట, పిల్ల వచ్చే ఏడు చేరొచ్చట. వచ్చే ఏటికి సీటుంటుందా, అసలు నేనుంటానా అని నాకు అన్నం సయించలేదు. కానీ కొట్టు పోయాక తట్టలో అరటిపండు బజ్జీలు అమ్మిన డబ్బు, ఆయనకి తెలియకుండా, నా పేరున మూడేసి నెలల గడువుతో నాలుగు పుస్తకాలయింది. అందులో ఒకటి ఆ వారమే గడువు తీరింది. ఫీజు కట్టేశాను.

ఫీజు రసీదుతోపాటు నా పుస్తకాలూ ఆయన కంటబడ్డ నాలుగో రోజున వాళ్లన్నని వెంటబెట్టుకొచ్చాడు. బావగారి పడవ ఇంజను పాడైందట. నేను కలిపిన ఐసు కాఫీ తాగుతూ బావగారు ఎంతో మర్యాదగా, "మిగతా మూడూ తీసివ్వమ్మా, ఎలాగూ చిన్న వడ్డీవే కదా," అన్నారు. "ఇస్తుందిలే అన్నయ్యా," అన్నాడు తొవాన్, నా తరఫున.

పుస్తకాలు తేవడానికి నేను లేవలేదు, గ్లాసుల్లో ఐసు కరిగిపోయింది. తొవాన్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. దియెప్ గుమ్మంలో నిలబడిపోయింది. కొడతాడేమో, బయటికి పొమ్మంటాడేమో అని నాకు భయమే. అయినా అన్న ముందు ఆయన మొహం అలా పాలిపోతుంటే ఎంత బాగుందో చెప్పలేను. ఇంకాసేపు చూశాను.

"డబ్బుంది బావగారూ," అన్నాను చివరికి. "ఇవ్వను. మీ తమ్ముణ్ణి ఆ పెద్ద పుస్తకం విరవమనండి. మీ కళ్లముందే విరవమనండి."