ఎడమ కొసన చుక్క

చెబితే మీరు నమ్మరు, ఒట్టు. నమ్మే మొహాలైతే ఈపాటికి కుర్చీ ముందుకు జరుపుకునేవాళ్ళు. పోనీ, వినండి.

నీళ్ళ ఆఫీసులో డాష్‌బోర్డులు, అదే, కంప్యూటర్‌లో లెక్కల బొమ్మలు చేసే ఆయనొకడుండేవాడు. అందరూ చుక్కలాయన అనేవాళ్ళు. పొద్దున్నే రావడం, మీటర్ల అంకెలన్నీ కంప్యూటర్‌లో పోయడం, బొమ్మ గీయడం. ఇంటికొక చుక్క. నీళ్ళు తక్కువ వాడే ఇల్లు ఎడమకి, ఎక్కువ వాడేది కుడికి. భోజనం డబ్బా కూడా ఆ తెర ముందే విప్పేవాడు. ఎదురుగా కూచునే దిక్కు ఇంకెవరూ లేరు మరి.

ఆయన చుక్కలకి తిరుగుడెక్కువ. మధ్యాహ్నమయ్యేసరికి తెర దిగి బల్లంతా షికార్లు కొట్టేవి. సాయంత్రం ఊడ్చే పిన్ని వాటిని కాగితం మీదకెత్తి, "నీ సంతానాన్ని లోపలేసుకో బాబూ, కాళ్ళ కింద పడి చస్తాయి" అని తిట్టి, తెర మీద ఒంపేసి పోయేది. దేని చోటుకది పాక్కుంటూ పోయేది.

ఒక్క చుక్క మాత్రం ఎన్నడూ దిగలేదు. ఎడమ కొసన, అందరికీ దూరంగా, ముడుచుకుని కూచునేది. వేలు పెడితే వెచ్చగా తగిలేది.

ఓరోజు మేనేజరు దాని మీద పడ్డాడు.

"ఏంటయ్యా ఇది? ఈ ఒక్కదాని కోసం బొమ్మ ఇంత సాగదీశావు. మిగతా ఊరంతా కుడి మూల ముద్దయిపోయింది. పీకెయ్."

"అదొక ఇల్లు సార్. బొమ్మలో లేకపోతే ఖాళీ ఇల్లనుకుని లైను కట్ చేసేస్తారు."

"ఆ కాసిని నీళ్ళతో మనిషి బతుకుతాడా? మీటరు పాడైపోయుంటుంది. ఒక్కటుంటే తప్పు కిందే లెక్క. రెండుంటే అప్పుడు చూద్దాం. సోమవారం పెద్దాళ్ళకి చూపించాలి, గుర్తుందిగా?"

చుక్కలాయన ఊరుకోలేకపోయాడు. దొంగతనంగా ఒక ఇంటి అంకె మార్చి, దాని చుక్కని ఎడమకి తోశాడు. అది మొహం మాడ్చుకుని మళ్ళీ తనవాళ్ళ దగ్గరికే పోయింది. చుక్కలకి అబద్ధం పడదు, మీలా కాదు.

అప్పుడు తన ఇంటి చుక్కేదని వెతికాడు. గుంపు నట్టనడుమ ఉంది! ఒంటిగాడికి అన్ని నీళ్ళెందుకయ్యా అంటే, కుళాయి. వంటగదిలో కుళాయి ఏళ్ళ తరబడి కారుతోంది. బద్ధకమేం కాదు. ఆ టప్ టప్ కూడా లేకపోతే ఆ ఇంట్లో ఇంకేం వినపడదు.

ఆ సాయంత్రమే వాషరు కొనుక్కెళ్ళి బిగించేశాడు. ఇల్లు ఎంత మూగబోయిందంటే, తను మింగిన గుటకకి తనే ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ వదులు చేద్దామని కుళాయి మీద చెయ్యేశాడు. ఆ ఒంటి చుక్క గుర్తొచ్చి, చెయ్యి తీసేశాడు.

మర్నాడు ఆయన చుక్క గుంపులోంచి బయల్దేరింది. రోజుకి కాస్త, రోజుకి కాస్త. సోమవారానికి ఎడమ కొసకి చేరి, ఆ ఒంటిదాని పక్కన చతికిలపడింది.

"అరె, రెండున్నాయే!" మేనేజరు బుర్ర గోక్కున్నాడు. "అయితే ఇదీ ఓ గుంపేనయ్యా. ఏదో రంగేసి వదిలెయ్." లైను నిలబడింది.

ఆ మధ్యాహ్నమే ఒంటి చుక్క మొదటిసారి తెర దిగింది. రెండూ కలిసి బల్ల దిగి, తలుపు సందులోంచి రోడ్డెక్కాయి. చుక్కలాయన చేతిలో డబ్బాతోనే వెంటపడ్డాడు. సందులు తిరిగి తిరిగి అవి ఓ గడప కింద దూరాయి. తలుపు కొట్టాడు.

కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, బట్టలు కుట్టే ఆవిడ తీసింది. ఆయన మెళ్ళో ఆఫీసు కార్డు చూసి మొహం పాలిపోయింది.

"లైను కట్ చేయడానికొచ్చారా?"

"కాదండీ. నా చుక్క మీ ఇంట్లో దూరింది."

"అదా! మిషను కింద పడుకున్నాయి రెండూ. మీదేదో?"

"ఆ బక్కదండీ."

"ఇప్పుడే కన్నంటుకుంది దానికి, లేపకండి. లేచేదాకా కూచోండి."

ఆవిడ కుళాయి తిప్పి, రెండు గ్లాసులు నింపింది. ఆయన డబ్బా విప్పాడు.

కోతలంటారా? అయితే ఇప్పుడే ఆ ఆఫీసుకెళ్ళండి. మధ్యాహ్నం పూట ఆ రెండు చుక్కలూ తెర మీద కనిపించాయని మీలో ఒక్కరైనా రుజువు చేసి రండి, ఈ మీసం మీ ముందే గొరిగించేసుకుంటా. కదలరేం?