గుర్రానికి మాటొచ్చాక

రోజూలాగే బొగ్గుబస్తాలతో బండి మిట్ట ఎక్కుతోంది. రోజూలాగే సగంలో గుర్రం ఆగిపోయింది. ఆ టెక్కు చూసే బండివాడు దానికి దొరగారని పేరు పెట్టాడు. దొరగారు ఆగగానే చర్నాకోల లేచింది.

"కొట్టకు. కుడి మోకాలు వంగట్లేదు," అంది గుర్రం, జలుబు చేసిన మనిషి గొంతుతో.

బండివాడు ఉలిక్కిపడలేదు. ఆ ఊళ్లో గుర్రాలకు ముసలితనంలో మాటొస్తుంది, మనుషులకు పళ్లూడినట్టే. అందుకే తెలివైనవాళ్లు మాట రాకముందే తోళ్లవ్యాపారికి అమ్మేస్తారు. ఇతనే, ఈ ఏడు కాదు పై ఏడు అంటూ నాన్చాడు.

"ఎప్పట్నుంచి?"

"నీ దగ్గరికి రాకముందు నుంచే."

"మరి ఇన్నాళ్లూ చెప్పొచ్చుగా!"

"మాట ఇవాళేగా వచ్చింది."

అతను దిగి, వెనక నుంచి బండి నెట్టాడు. బొగ్గు ఆలస్యంగా చేరింది. గోడౌను మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఇంట్లో చెబితే, గిన్నెలు తోముతున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పా, మాట రాకముందే వదిలించుకోమని. ఇంకేమంది?"

"మెడపట్టీ ఒరుసుకుంటోందట. రోజూ మధ్యాహ్నం దాహమేస్తుందట."

"చాలు, నాకు చెప్పకు." ఆవిడ మళ్లీ గిన్నె అందుకుని గట్టిగా తోమసాగింది. "కూర్చోబెట్టి మేపడానికి మన డొక్కలే నిండట్లేదు. రేపే తోలుకెళ్లు. దారిలో మాత్రం దాంతో మాట కలపకు."

మర్నాడు కళ్లెం పట్టుకుని బయల్దేరాడు. వెనక బండి లేకుండా నడవడం దొరగారికి కొత్త.

"ఎక్కడికి?"

మాట కలపకూడదనుకుంటూనే, "మేతకి," అన్నాడు.

"దారంతా పల్లమే. హాయిగా ఉంది." కాస్త దూరం పోయాక మళ్లీ అంది: "నువ్వు నయం. ఇదివరకటివాడు కళ్ల మీద కొట్టేవాడు."

తోళ్లవ్యాపారి చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు. డబ్బు చేతిలో పెట్టి కళ్లెం అందుకున్నాడు. గుర్రం గుమ్మం దగ్గర తల తిప్పింది.

"సాయంత్రం వస్తావుగా?"

"వస్తాను," అన్నాడు బండివాడు.

ఆ డబ్బుకి, భార్య దాచుకున్నది కలిపి వయసు గుర్రాన్ని కొన్నాడు. నిగనిగలాడే ఒళ్లు, ఉక్కులాంటి కాళ్లు. ఇక మీకు ఢోకా లేదన్నారు అందరూ.

మిట్ట మీద అది ఓసారి ఆగింది. ఈగ వాలిందో, ఏం చూసి బెదిరిందో. చర్నాకోల మీదికి అతని చెయ్యి పోలేదు. దిగి, దాని ముందుకొచ్చాడు.

"ఏంటమ్మా? ఎక్కడ నొప్పి?"

అది చెవులాడించి ఊరుకుంది. కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. మెడపట్టీ విప్పి, వదులు చేసి కట్టాడు. నీళ్లు పెట్టాడు. వెనక బళ్లవాళ్లు ఈలలేశారు, బూతులు లంకించుకున్నారు. మర్నాడూ అదే తంతు, ఆ మర్నాడూ అదే. చివరికి మేస్త్రీ బొగ్గు పని ఇంకొకడికి అప్పజెప్పాడు.

అయినా అతను ఖాళీ బండి కట్టుకుని మిట్టకి పోవడం మానలేదు. భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"వయసు గుర్రం, దానికేం నొప్పి లేదయ్యా. ఇంటికి రా."

"అడుగుతూనే ఉన్నా. చెప్పట్లేదు."

"దానికి మాటొచ్చేసరికి మనముంటామా?"

అతను ఊఁ అన్నాడు. గుర్రం మూతి దగ్గర చెవి పెట్టి, అలాగే నిలబడ్డాడు.